సావుకారుని పొగడటం నాకు రాదక్కా, నాలుగు మాటలు నేర్పవా?

అక్కా, నమస్తే. మాది బరంపురం. బడా బజార్లో ఒక పట్టుచీరల కొట్లో సేల్స్‌మేన్‌గా చేస్తున్నా, పెళ్ళికి ముందునించీ అక్కడే. స్టాకంతా నా నోటి మీదే ఉంటది. కిందటి దసరాకి ఆస్కా వైపు కుర్రాడొకడు జాయినయ్యాడు, వాడికి చీర మడతెయ్యటం కూడా సరిగ్గా రాదు. కానీ సావుకారు కొట్లో అడుగు పెట్టగానే 'ఆగ్యా (ఒడియాలో అయ్యగారూ అని) ఈ రోజు షర్టు అదిరిపోయింది, ఆగ్యా మీ అబ్బాయికి అచ్చం మీ తెలివే వచ్చింది' అని మొదలెడతాడు. ఇప్పుడు గల్లాపెట్టె పక్కన వాడు, గోడౌన్లో నేను. ఛత్రపూర్‌లో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు, అది వాడి చేతికే ఇస్తారని అందరూ అంటున్నారు. పర్లాకిమిడిలో మా అత్తారింటికెళ్తే అక్కడా ఇదే గోల. మా పెద్ద తోడల్లుడి మాటలు కోటలు దాటతాయి, ఆయనకి చేసే మర్యాద వేరు, నాకు చేసేది వేరు. మా ఆవిడేమో 'నీకు నోట్లో నాలిక లేదు, నాకైనా ఎప్పుడైనా ఒక మంచి మాట అన్నావా' అంటుంది. కాకా పట్టడం తప్పని మా నాన్న చెప్పేవాడు. తప్పని కూర్చుంటే వెనకబడిపోతున్నా. ఎక్కడ ఏం అనాలో ఒక నాలుగు మాటలు నేర్పక్కా.
— బరంపురం నించి ఒక తమ్ముడు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇది చాలామంది లోపల్లోపల కుమిలిపోయే విషయం, నువ్వు పైకి అడిగావు అంతే. నీకు అసలు నొప్పి ఎక్కడుందంటే, ఇన్నేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా చేసిన పని ఎవరి కంటా పడలేదు, మొన్నొచ్చినోడు మాట్లాడింది మాత్రం అందరి చెవినా పడింది. ఆ నొప్పి న్యాయమైనదే.

పొగడ్త పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది, నీకు అబద్ధం చెప్పను. అబద్ధపు పొగడ్త కూడా పనిచేస్తుంది, అదే బాధ. 2010లో హాంకాంగ్‌లో ఎలెయిన్ చాన్, జయదీప్ సేన్‌గుప్తా అని ఇద్దరు కలిసి చేసిన పరిశోధన ఒకటుంది, సరిగ్గా మీ బట్టలకొట్టు వ్యవహారమే. కొత్తగా తెరిచే ఒక షాపు పేరుతో కొందరికి కరపత్రం ఇచ్చారు, అందులో 'మీకు ఫేషన్ మీద మంచి టేస్టు ఉందని మాకు తెలుసు, అందుకే మీకు రాస్తున్నాం' అని ఉంది. చదివినోళ్ళకి తెలుసు, ఇది అందరికీ పంచే కాగితం, మనల్ని చూసి రాసింది కాదు, సరుకు అమ్ముకోడానికి రాసింది అని. అడిగితే అదే చెప్పారు కూడా. అయినా లోపల ఎక్కడో ఆ షాపు మీద ఒక మంచి అభిప్రాయం ఉండిపోయింది, పైకి అన్నది కొట్టేసినా లోపలిది పోలేదు. మరి మొహం ఎదురుగా నిలబడి రోజూ అంటుంటే మీ సావుకారు మాత్రం ఏం చేస్తాడు చెప్పు, ఆయనా మనిషే కదా, పొద్దున్నుంచీ బేంకువాళ్ళతో జీఎస్టీతో అరువులతో తల పగిలిపోతున్నోడికి ఒక్క తియ్యటి మాట వినబడితే ప్రాణం లేచొస్తది.

అందుకని నువ్వు కూడా రేపట్నించీ షర్టు బాగుంది అని మొదలెడితే మాత్రం బెడిసికొడుతుంది, ఎందుకో చెప్తా విను. ఎడ్వర్డ్ జోన్స్ అని అమెరికా సైకాలజిస్టు ఇతరుల మెప్పు కోసం మనుషులు ఏమేం చేస్తారో దాని మీదే 1964లో ఒక పుస్తకం రాసాడు. ఎదుటివాణ్ణి పొగడటం, ఆయన అన్నదానికల్లా అవును అనడం, చిన్న చిన్న సాయాలు చెయ్యడం, మనల్ని మనం బాగా కనబడేలా చూపించుకోవడం, ఇవీ ఆయన చెప్పిన దారులు. అందులో ఆయన పట్టుకున్న చిక్కు ఒకటుంది. మనకి అవతలివాడితో పని ఎంత ఎక్కువుంటే మన పొగడ్త మీద అంత అనుమానం వస్తుంది. అవసరం లేనప్పుడు అన్న మాట నమ్ముతారు, అవసరం నెత్తిమీదున్నప్పుడు అన్న మాట ఇట్టే పట్టేస్తారు. ఇన్నేళ్ళు నోరు విప్పనోడివి ఛత్రపూర్ బ్రాంచి టైములో ఒక్కసారిగా విప్పావనుకో, సావుకారుకే కాదు కొట్లో చాయ్ తెచ్చే పిల్లాడికి కూడా అర్థమైపోతుంది. కాబట్టి ఈ బ్రాంచి తేలేదాకా కొత్త పొగడ్త ఒక్కటి కూడా మొదలెట్టకు. వేరే దారుంది, చెప్తాను.

దానికన్నా ముందు ఆ ఆస్కా కుర్రాడి సంగతి చూద్దాం. నువ్వు వాడు అన్న మాటలు రాసావు గానీ వాడు మిగతావాళ్ళతో ఎలా ఉంటాడో రాయలేదు. నాకు అది తెలియాలి. చాయ్ పిల్లాడితో ఎలా మాట్లాడతాడు, బయట వాచ్‌మేన్‌తో ఎలా ఉంటాడు, చీరల మూట తెచ్చే నేతన్న ఎండలో నిలబడితే కూర్చోమంటాడా? నెదర్లాండ్స్‌లో రూస్ వోంక్ అనే ఆవిడ 1998లో ఇదే పరీక్షించింది, పైవాళ్ళ దగ్గర ఒంగి ఒంగి దండాలు పెడుతూ కిందోళ్ళని ఈసడించే మనిషిని చూసేవాళ్ళు ఎంత తొందరగా అసహ్యించుకుంటారో అని. చాలా తొందరగా, చాలా గట్టిగా. ఆ కుర్రాడు అలాంటోడైతే మీ కొట్లో అందరికీ ఈపాటికే తెలిసుంటది, పొగడ్త తన మీద పడుతోంది కాబట్టి సావుకారుకి ఒక్కడికే ఆలస్యంగా తెలుస్తుంది. నువ్వేమీ చాడీలు చెప్పనక్కర్లేదు, చెప్పకు కూడా.

అలా కాకుండా వాడు అందరితోనూ అలాగే ఉంటాడనుకో, పేరు పెట్టి పిలిచి, నవ్వి, మంచినీళ్ళు ఇచ్చి, కస్టమర్ చీర కొనకపోయినా గుమ్మందాకా వెళ్ళి సాగనంపి. అప్పుడు నువ్వు వాణ్ణి కాకారాయుడు అనుకోవడం మానెయ్యాలి తమ్ముడూ, వాడు మంచి నడవడి ఉన్న కుర్రాడు, వాడి దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. ఇక్కడ ఇంకో మాట. మన తెలుగువాళ్ళం చాలామందిమి ఒడియా వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్నాం, స్నేహితులతో మాట్లాడే ఒడియా మనకి బాగా వచ్చు, పెద్దల దగ్గర మాట్లాడే ఒడియా అంత రాదు. ఆపణ (మీరు) అనాల్సిన చోట తుమె (నువ్వు) అనేస్తాం, ఆగ్యా కలపాల్సిన చోట పొడిగా ఆపేస్తాం, మన మనసులో ఏ పొగరూ ఉండదు గానీ వినేవాడికి కరుగ్గా తగులుతుంది. ఆ కుర్రాడు పుట్టిన దగ్గర్నించీ ఆగ్యా అంటూ పెరిగాడు. నీకు కాకాలాగ వినబడేదాంట్లో సగం మామూలు మర్యాదే అయ్యుండొచ్చు. ఆ సగం నువ్వు కూడా నేర్చుకో, దానికి మీ నాన్న కూడా ఏమీ అనడు.

మీ నాన్న మాట కాదనట్లేదు నేను. ఆయన తప్పన్నది లేనిది ఉందని చెప్పి పని చేయించుకోవడాన్ని. ఉన్నదాన్ని చూసి ఉందని చెప్పడం తప్పని ఏ తండ్రీ అనడు. మనలో చాలామంది ఆ రెంటినీ కలిపేసి, బాగున్నదాన్ని కూడా బాగుంది అనకుండా బతికేస్తున్నాం, నా మనసులో మాట చెప్పాలంటే అది కూడా ఒక రకం పిసినారితనమే.

నువ్వు నాలుగు మాటలు అడిగావు. మాటలు నేను ఇవ్వగలను, కానీ అవి నువ్వు చూసినవాటిలోంచి రాకపోతే నీ నోట్లో నిలబడవు. నువ్వు చీరలు అమ్మేవాడివి, కాబట్టి చీరతోనే చెప్తాను. పెళ్ళికూతురి తల్లి వచ్చి కూర్చుంది, నువ్వు ఫోడా కుంభ బోర్డరు చీరలు పరుస్తున్నావు. తీసిన ప్రతి చీరకీ 'సూపరుంది ఆంటీ, మీ పాపకి భలే ఉంటది' అన్నావనుకో, ఐదో చీరకి ఆమె నీ మాట వినడం మానేస్తుంది. అదే నువ్వు ఆ మెరూన్ చీర కొంగు అమ్మాయి భుజం మీద వేసి, ట్యూబులైటు కింద కాదమ్మా గుమ్మం దగ్గర వెలుతురులో చూడండి అని బయటికి తీసుకెళ్ళి, ఒక్క క్షణం చూసి 'ఇది వద్దమ్మా, బోర్డరు బాగుంది గానీ ఈ రంగు పాపకి తేలిపోతోంది, ఆ చిలకాకుపచ్చది తియ్యండి' అన్నావనుకో, ఆ తరవాత నువ్వు బాగుంది అన్న చీర ఆమె కొనకుండా వెళ్ళదు. ఒకటి కాదన్నవాడి అవునుకి విలువుంటది. ఇది నీకు కొట్లో తెలుసు తమ్ముడూ, రోజూ చేస్తూనే ఉంటావు, మనుషుల దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతున్నావు.

బరంపురంలో ఉంటూ ఈ విద్య తెలీదంటే ఎలా, రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణీ జాతర వస్తుంది కదా, దేశిబెహెరా వీధికి అమ్మవారు పుట్టింటికి వచ్చినన్నాళ్ళూ ఊరు ఊరంతా ఊగిపోతుంది, ఆ చందాలకి తిరిగేవాళ్ళలో పెద్దవాళ్ళు మాట్లాడటం విను. కుర్రాళ్ళు 'మీలాంటి మహానుభావులు లేకపోతే జాతరే లేదు' అంటే షాపువాళ్ళు వందో రెండొందలో చేతిలో పెట్టి పంపేస్తారు. పెద్దాయన ఏమంటాడంటే, 'మీ నాన్నగారున్నప్పుడు ఈ సందు మొత్తానికి లైటింగు ఆయనదే, వర్షమొచ్చి తడిసిపోతే ఆ రాత్రి స్వయంగా నిలబడి మళ్ళీ కట్టించారు' అంటాడు. ఒక్క అలంకారం లేదు అందులో, జరిగిన సంగతి అంతే, కానీ ఆ మాటకి ఆ కొట్టాయన కళ్ళు తడవకుండా ఉంటాయా? ఇంత జ్ఞాపకం పెట్టుకున్నాడు మా నాన్నని అని. అది కాకా కాదు.

ఇప్పుడు మీ సావుకారు. షర్టు జోలికి పోకు, అది వాడి లైను. నువ్వు ఇన్నేళ్ళు పక్కనుండి ఆయనలో ఏం చూసావు? నేతవాళ్ళకి డబ్బులు పండగ ముందే ఇచ్చేస్తాడా, చీర చేత్తో పట్టుకోగానే పట్టు బరువు చెప్పేస్తాడా, ఎవరైనా చీర తిరిగి తెస్తే మొహం చిట్లించకుండా మార్చి ఇస్తాడా? ఏదో ఒకటి ఉండకుండా ఉండదు, లేకపోతే నువ్వు ఇన్నేళ్ళు అక్కడ ఉండవు. అది ఛత్రపూర్ గొడవ అయిపోయాక, జీతం రోజు కాకుండా వేరే రోజు, ఒక్కసారి చెప్పు. ఒక్కసారి చాలు.

ఈలోగా ఆయన్ని ఏదైనా అడుగు. పొగడటం చేతకాని మనుషులకి ఇది చాలా మంచి దారి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అని అమెరికా పెద్దమనిషి, పెన్సిల్వేనియా అసెంబ్లీలో తనంటే పడని ఒక సభ్యుడి దగ్గర ఒక అరుదైన పుస్తకం ఉందని తెలిసి, కొన్నాళ్ళు ఇస్తారా అని చీటీ రాసాడట, ఆయన పంపాడు, చదివి థాంక్స్ రాసి తిరిగి పంపాడు, ఆ తరవాత ఆ మనిషి తనంతట తనే వచ్చి పలకరించి స్నేహితుడైపోయాడు. దీన్నే 1969లో జెకర్, లాండీ అని ఇద్దరు పరీక్ష పెట్టి చూసారు. పరీక్షలో డబ్బు గెలుచుకున్న కొందరిని ఆ పరీక్ష పెట్టినాయనే స్వయంగా, నా సొంత డబ్బు అయిపోతోంది, తిరిగి ఇస్తారా అని అడిగాడు. అలా ఇచ్చినవాళ్ళే ఆయన్ని ఎక్కువ ఇష్టపడ్డారు. మనం ఎవరికి సాయం చేస్తామో వాళ్ళంటే మనకి ఇష్టం కలుగుతుంది. నువ్వు వెళ్ళి 'ఆగ్యా, అసలు పట్టుకీ కల్తీ పట్టుకీ తేడా మీరు చూడగానే ఎలా చెప్తారు, నాకు ఇంకా పట్టుబడట్లేదు, చూపిస్తారా' అని అడుగు. నిజంగా తెలుసుకోవాలనుంటేనే అడుగు, తెలిసినదాన్ని తెలీనట్టు అడిగితే అది మళ్ళీ నాటకమే.

ఇక బ్రాంచి సంగతి, దీని గురించే నాకు ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే నీ ఉత్తరం మొత్తంలో 'నాకు ఆ బ్రాంచి కావాలి అని నేను అడిగాను' అన్న వాక్యం ఎక్కడా లేదు. అడిగావా? అడగలేదనుకుంటా. పని చేస్తే వాళ్ళే చూస్తారు, వాళ్ళే పిలుస్తారు అని కూర్చున్నావు, సావుకారుకి అసలు నువ్వు ఛత్రపూర్ వెళ్తావన్న ఆలోచనే వచ్చుండదు, గోడౌన్ నీ చేతిలో ఉంటే ఆయనకి నిశ్చింత, ఆ నిశ్చింతని ఎవరు వదులుకుంటారు? కాబట్టి మధ్యాహ్నం గిరాకీ లేని టైములో, ఆ కుర్రాడు లేనప్పుడు, వెళ్ళి కూర్చుని చెప్పు. 'ఆగ్యా, ఛత్రపూర్ కొట్టు నేను చూసుకుంటానని అడగడానికి వచ్చాను. పెళ్ళిళ్ళ సీజన్లో నా చేతిమీద అమ్మిన చీరల లెక్క ఇది. పేరు చెప్పి నన్నే అడిగి వచ్చే కస్టమర్లు వీళ్ళు. తెలుగు, ఒడియా రెండూ వచ్చు, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నించి వచ్చే పెళ్ళివాళ్ళతో మాట్లాడేది నేనే. గోడౌన్ ఎవరికి అప్పజెప్పాలో వాళ్ళకి నేనే నేర్పించి వెళ్తాను.' లెక్క ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళు. ఆ కుర్రాడి పేరు ఎత్తకు, వాడికి మడతెయ్యడం రాదు అని అస్సలు అనకు, అన్నావంటే నీ ముందు మాటలన్నీ నీళ్ళపాలు. ఇది గొప్పలు చెప్పుకోవడం అని నీకు అనిపించొచ్చు, కాదు, కొట్టు నీది కాకపోయినా పని నీదే, ఆ పని లెక్క యజమానికి చెప్పే హక్కు నీకుంది.

ఒక చోట మాత్రం ఎంత లాభమొచ్చినా నోరు మూసుకోకు. సావుకారు తప్పు చేస్తున్నప్పుడు అవునాగ్యా అనకు. జూన్‌లో రజ పండగ వస్తుంది, మూడు రోజులు ఆడపిల్లలందరికీ కొత్తబట్టలు, ఆ ఊపులో ఆయన అమ్ముడుపోని సరుకు అప్పు చేసి తెప్పిస్తున్నాడనుకో, లేదా ఆర్టు సిల్కుని పట్టు అని చెప్పి అమ్మమన్నాడనుకో, ఆ కుర్రాడు అవునాగ్యా అంటాడేమో, నువ్వు అనకు. అందరి ముందూ కాదనకు, గల్లా కట్టేశాక ఒంటరిగా చెప్పు, 'సరుకు బాగుంది ఆగ్యా, ఇంత మొత్తం మాత్రం పోయినేడు కూడా మిగిలిపోయింది, సగం తెప్పిద్దాం' అను. ఆ రోజు ఆయనకి నచ్చకపోవచ్చు, మొహం మాడ్చుకోవచ్చు. సరుకు మిగిలిన రోజున ఎవరి మాట గుర్తొస్తుందో నీకు తెలుసు.

అత్తారింటి విషయం చిన్నదే. తోడల్లుడితో పోటీ పెట్టుకోకు, ఆయన తీరు ఆయనది. నువ్వు వెళ్ళినప్పుడు సోఫాలో ఫోను పట్టుకుని కూర్చుంటావా, వంటింట్లోకి వెళ్తావా? అత్తయ్యగారూ మొన్న చేసిన చేపల పులుసులో పులుపు చింతపండుదా మామిడికాయదా, ఇంటికెళ్ళి చేసుకున్నాం ఆ రుచి రాలేదు అని అడుగు. మావయ్యగారికి మందులు ఏ టైముకో కనుక్కుని గుర్తుచెయ్యి. నోరు తిరగనివాడికి చేతులు ఉన్నాయి కదా.

మరి మీ ఆవిడ. నాకైనా ఎప్పుడైనా ఒక మంచి మాట అన్నావా అని ఆమె అడిగింది నువ్వే రాసావు, రాసి దాటేసి మళ్ళీ సావుకారు దగ్గరికి వెళ్ళిపోయావు. తమ్ముడూ, ఆమె నీకు కాకా పట్టే విద్య నేర్పట్లేదు, ఆమెకి ఆ మాట కావాలి. సావుకారుకి, అత్తగారికి చెప్పడం నేర్చుకునేముందు ఆమెకి చెప్పు, ఆమె దగ్గర నీకు తీర్చుకోవాల్సిన పనేమీ లేదు కాబట్టి జోన్స్ చెప్పిన అనుమానం కూడా ఉండదు. నువ్వు బంగారం, నువ్వు దేవతవి లాంటివి వద్దు, అవి టీవీ మాటలు. పొద్దున్న నీ డబ్బా ఎన్నింటికి లేచి కడుతోందో చూడు, నీ జీతంలో నెలాఖరుకి ఎలా లాక్కొస్తోందో చూడు, మీ అమ్మకి ఒంట్లో బాలేనప్పుడు ఎంకేసీజీ ఆసుపత్రిలో ఎవరు తోడున్నారో గుర్తుతెచ్చుకో, చూసింది చూసినట్టు చెప్పు. మొదటిసారి నీకు నాలిక తడబడుతుంది, ఆమె 'ఏటయింది నీకు ఇయ్యాల' అని నవ్వుతుంది కూడా. నవ్వనీ. ఆ నవ్వుకి బెదిరి మళ్ళీ మూగనోము పట్టకు.

ఇంత చేసినా సావుకారు ఛత్రపూర్ వాడికే ఇవ్వొచ్చు, ఆ అవకాశం కూడా ఉంది. అప్పుడు అలిగి గోడౌన్లో మూల కూర్చోకుండా రెండు అడుగు, ఒకటి, నాలో ఏం తక్కువైంది ఆగ్యా, చెప్తే దిద్దుకుంటాను అని, రెండు, నేను అమ్మిన చీరల మీద కమీషను ఎప్పట్నించి అని. జవాబు సూటిగా రాకపోతే బడా బజార్లో పట్టు ఎరిగిన చెయ్యి కావాల్సిన కొట్లు ఇంకా ఉన్నాయి, నిన్ను పేరు పెట్టి అడిగే కస్టమర్లు ఆ కొట్లకి కూడా దారి తెలిసినవాళ్ళే. తొందరపడి మాత్రం మానెయ్యకు, దసరా సీజను దాకా ఉండి చూడు, ఈలోగా సావుకారు చెప్పిన సమాధానం పొల్లుపోకుండా నాకు రాయి, కమీషను ఎంత అడగాలో ఎలా అడగాలో అప్పుడు కూర్చుని చూద్దాం.

— అక్క